మోగాల్సిన గది, మోగకూడని గది

హాస్టల్ ఆఫీసు గది
ఫిబ్రవరి, మంగళవారం

వదినా,

నిన్న మధ్యాహ్నం రెండుంపావుకి మా హాస్టల్ మూడో అంతస్తులో పొగ అలారం మోగింది. ఆ సమయానికి ఆ అంతస్తు గదుల్లో పందొమ్మిది మంది ఉన్నారు. ఒక్కరూ తలుపు తీయలేదు. ఈసారి పొగ నిజమే.

కంగారు పడకు, ఎవరికీ ప్రాణాపాయం లేదు. చివరి గదిలో ఉండే అమ్మాయి పిల్లల వార్డులో నర్సు. రాత్రి డ్యూటీ చేసి వచ్చి, నడుంనొప్పికి కరెంటుతో వేడెక్కే మెత్త కింద వేసుకుని పడుకుంది. మెత్త లోపల వైరు కాలి పరుపులో నిప్పు రాజుకుంది. మంట లేదు, ఒట్టి పొగే. ఆ పొగలోనే ఒళ్లు తెలియకుండా నిద్రపోతోంది.

నేను చీపురుకర్ర పట్టుకుని పైకి వెళ్లాను. పొగ చూడటానికి కాదు, అలారం నోరు మూయించడానికి. కర్రతో బటన్ నొక్కి, ఎవరు మాడ్చారో కనుక్కుని నాలుగు మాటలు అని దిగిరావడం నాకు రోజూ ఉండే పనే. మెట్ల మలుపు దగ్గర వాసన తేడాగా తగిలింది. ఉల్లిపాయ కాదు, రొట్టె కాదు. ప్లాస్టిక్ కాలినట్టు గొంతులో పట్టేసింది. నా దగ్గరున్న తాళంతో గది తీసి ఆ అమ్మాయిని రెక్కపట్టి బయటికి లాగాను. ఇప్పుడు తను పనిచేసే ఆసుపత్రిలోనే పేషెంటుగా ఉంది. రేపో ఎల్లుండో పంపిస్తారు.

పక్కగది పిల్లని అడిగాను, "అలారం వినపడలేదా?" అని.

"వినపడింది మేడం. ఎవరో గుడ్డు మాడ్చుంటారని దిండు చెవుల మీద పెట్టుకున్నా" అంది. సిగ్గుపడుతూ కూడా చెప్పలేదు. నేనైనా అంతే చేసేదాన్ని.

ఫైర్ ఆఫీసరు వచ్చి అంతా చూశాడు. "మీ అలారం తన పని చేసింది. మీవాళ్లు చేయలేదు" అన్నాడు. వేసవిలో మళ్లీ వస్తాడట. ఒక గదిలో నిజంగా పొగపెట్టి చూస్తాడట. అందరూ బయటికి రాకపోతే ఈ భవనంలో మనుషులు ఉండటానికి వీల్లేదని రాసిపోతాడట. రాస్తే ఇంతమంది నర్సులు పెట్టెలు సర్దుకోవాలి.

ఆ డిటెక్టర్ ఊడదీసి వెనక్కి తిప్పి చూశాను. నువ్వు పనిచేసే పరీక్షశాల ముద్ర ఉంది. నిన్న ఎందుకు మోగిందని నేనడగడం లేదు. మిగతా రోజులు ఎందుకు మోగుతోందని అడుగుతున్నాను. ఫోన్‌లో అయితే నువ్వు నవ్వించి మాట దాటేస్తావు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. ఇది నీ ఆడపడుచు రాస్తున్న ఉత్తరం కాదు, వార్డెన్ రాస్తున్నది.

ఇట్లు,
వార్డెన్


పరీక్షశాల, వంటగది
ఫిబ్రవరి

వార్డెన్ గారికి, అంటే మా బొగ్గమ్మకి,

నీ ఉత్తరం ముందు మీ అన్నయ్య చదివారు. చదివి చెప్పులు వేసుకోకుండానే బస్టాండుకి బయలుదేరబోయారు. "చెల్లెలు బాగానే ఉందండీ, రెండో పేజీ కూడా చదవండి" అని ఆపాను. ఆ పిల్లని లాక్కొచ్చావు చూడు, అందుకు నిన్ను చూసి మా ఇల్లంతా గర్వపడుతోంది. ఆ మాట ముందు చెప్పి, తర్వాత దెబ్బలాటకి వస్తున్నాను.

పరీక్షశాలలో నా పనేమిటో నువ్వెప్పుడూ సరిగ్గా అడగలేదు. "మా వదిన ఎక్కడో వంట చేస్తుంది" అని చెప్పుకుంటావట. విను. మా దగ్గర రెండు గదులున్నాయి. ఒకటి మంటల మేస్త్రిది. ఆయన అందులో చెక్కలు, నూలు ఒత్తులు, పరుపు ముక్కలు కాలుస్తాడు. ఆ గదిలో డిటెక్టర్ మోగాలి, అదీ గడువు దాటకుండా. రెండోది నాది. పొయ్యి, మూకుడు, రొట్టెలు కాల్చే పెట్టె. నేను వేయిస్తాను, కాలుస్తాను, ఉడకబెడతాను. నా గదిలో అది మోగకూడదు. రెండు గదులూ దాటిందానికే మా ముద్ర పడుతుంది.

అదెలా తేల్చుకుంటుందో కూడా చెబుతాను. డిటెక్టర్ లోపల బొటనవేలంత చీకటిగది ఉంటుంది. ఒక పక్క దీపం, ఇంకో పక్క కన్ను, వెలుగు నేరుగా కంట్లో పడకుండా మధ్యలో అడ్డం. పొగ దూరితే వెలుగు దాని రేణువులకి తగిలి, చెదిరి, కంటికి అందుతుంది. పాతకాలంవాటికి అంతే తెలుసు. పొగైనా ఆవిరైనా దుమ్మైనా చెదిరిందా, మోగు. మీ హాస్టల్లో ఉన్నవి అంత తెలివితక్కువవి కావు. వాటిలో దీపాలు రెండు. ఒకటి నీలం, ఇంకోటి మన కంటికి ఆనని ఎరుపు. సన్నటి పొగకి నీలం ఎక్కువ చెదురుతుంది. లావుపాటి ఆవిరిచుక్కలకి రెండూ ఇంచుమించు ఒకేలా చెదురుతాయి. ఆ తేడా చూసి రేణువు ఏ పాటిదో పోల్చుకుంటుంది. పైగా దానికో ముక్కు. పరుపో చెక్కో లోలోపల కాలుతుంటే వచ్చే విషవాయువుని పసిగడుతుంది. ఉల్లిపాయలు వేగుతుంటే ఆ వాయువు లేనట్టే లెక్క. ఇవన్నీ చూసుకుని, పొగ ఎంత జోరుగా పెరుగుతోందో కూడా చూసుకుని, అప్పుడు నోరు తెరుస్తుంది.

అలాంటి మిషన్ మీ దగ్గర ఊరికే మోగుతోందంటే తప్పు మిషన్‌ది కాదమ్మా. ఆ మోడల్ నా గదిలో ఒక్కసారి కూడా కిక్కురుమనలేదు. నా చేతి మీద నాకంత నమ్మకం. మీ నర్సమ్మలకి పొయ్యి తగ్గించడం నేర్పు. అంతకంటే ముందు నువ్వు నేర్చుకో. మీ అన్నయ్య పెళ్లికి ముందే చెప్పారు నాకు, "మా చెల్లెలు టీ కూడా మాడ్చగలదు" అని. అబద్ధమాడే మనిషి కాదుగా.

నీ వదిన


హాస్టల్ ఆఫీసు గది
మార్చి మొదటివారం

వదినా,

నీ గదిలో మోగలేదని రాశావు. నమ్ముతున్నాను. కానీ నీలాంటి చేయి ఉన్నవాళ్లు మా హాస్టల్లో ఎవరూ లేరు.

మా వాళ్ల సంగతి చెబుతాను. ప్రతి అంతస్తులో చివర ఒక వంటగది. పన్నెండు గంటలు నిలబడి వచ్చిన పిల్ల పొయ్యి వెలిగించి, మూకుడు పెట్టి, నూనె పోసి, యూనిఫాం మార్చుకోవడానికి గదికి వెళ్తుంది. అక్కడ ఫోన్ మోగుతుంది. ఇటు నూనె కాగి పొగలు కక్కుతుంటుంది. పరుగెత్తుకొచ్చి, కడిగి నీళ్లోడుతున్న ముక్కలు అందులో పడేస్తుంది. భగ్గుమంటుంది. వరండాలో మోగుతుంది. ఇది వారంలో సగం రోజులు జరిగేదే. ఇది తప్పని నువ్వనొచ్చు. కానీ ఇక్కడ వంటంటే ఇదే.

దానికి వీళ్లు పెట్టిన పేరు తెలుసా? అత్తగారు. వంటింట్లో ఏం చేసినా అరుస్తుందని. "అత్తగారు లేచింది" అంటే అలారం మోగిందని. నేను వినీ విననట్టు ఊరుకున్నాను. నీకు అత్తగారంటే మా అమ్మేగా, నువ్వూ నవ్వకు.

నిన్న నిచ్చెన వేయించి అంతస్తులన్నీ చూశాను. రెండో అంతస్తులో డిటెక్టర్‌కి తలస్నానానికి పెట్టుకునే ప్లాస్టిక్ టోపీ తొడిగి ఉంది. పూలపూల టోపీ, బాగుంది కూడా. మొదటి అంతస్తులో దానికి టేపు చుట్టారు. చెవిటిదాన్ని చేసి పెట్టుకుంటున్నారు.

ఆ అమ్మాయి ఆసుపత్రి నుంచి వచ్చేసింది. తన గదిలోకి వెళ్లడం లేదు. పగలు నా గదిలో, నా మంచం మీద పడుకుంటోంది. "పడుకో, నేనిక్కడే ఉన్నా" అంటే, "అలారం ఉంది కదా అని పడుకునేదాన్ని మేడం. అది మోగినా ఎవరూ రారని ఇప్పుడు తెలిసింది" అంది. దానికి జవాబు నీ దగ్గరుంటే రాయి. నా వంట గురించి తర్వాత మాట్లాడుకుందాం.

ఇట్లు,
వార్డెన్


పరీక్షశాల, వంటగది
మార్చి చివర

బొగ్గమ్మా,

మూడువారాలు రాయలేదు. కోపమొచ్చి కాదు. మొదటి వారం కోపమొచ్చే రాయలేదు, అది వేరే సంగతి.

నీ రెండో ఉత్తరం మా ఇంజినీరమ్మకి చూపించాను. ఈ మోడల్ ఎప్పుడు మోగాలో, ఎప్పుడు ఆగాలో దానికి రాసిపెట్టింది ఆవిడే. నాకంటే పదేళ్లు చిన్నది, రోజూ నా గదిలో నిలబడే భోంచేస్తుంది. "మా ఆడపడుచు మీ మిషన్‌ని అత్తగారంటోంది, చూడండి" అని నవ్వుతూ ఇచ్చాను. ఆవిడ నవ్వలేదు. నూనె దగ్గర ఆగింది. మళ్లీ చదివింది.

"మీ ఆడపడుచు కూడా ఇలాగే వండుతారా?" అంది.

"ఇంకా ఘోరంగా" అన్నాను.

"ఎలా? అన్నీ వరసగా చెప్పండి."

నేనూ ఊపుమీద చెప్పాను. ఇంటికొచ్చినప్పుడు నువ్వు వంకాయలు వేయించడం, వాటిని మేం నల్లటి రాళ్లలా ఏరుకోవడం, మీ అన్నయ్య ఒక ముక్క జేబులో దాచి బయట పారేయడం, అన్నీ. ఆవిడ కాగితం మీద ఏదో గీసుకుంటూ కూర్చుంది. చివరికి, "ఆవిడ ఒకసారి ఇక్కడికి రాగలరా?" అంది.

అందుకే రాస్తున్నాను. సెలవు పెట్టి రెండు రోజులు రా. ఏమీ నేర్చుకోకుండా రా. ఎప్పటిలాగే వండు. ఇంజినీరమ్మ అడిగింది అదే. నేను ఒక్క మాట కూడా అనను. మీ అన్నయ్య మీద ఒట్టు.

(మధ్యలో నేను దూరుతున్నాను. ఒట్టు వేసేముందు నన్నడగలేదు. అయినా రా. నీ మంచం వేసి ఉంది. – అన్నయ్య)

నీ వదిన


హాస్టల్ ఆఫీసు గది
ఏప్రిల్

వదినా,

క్షేమంగా చేరాను. నువ్వు కట్టిచ్చిన డబ్బా మా పిల్లలు నేను బ్యాగు దించేలోపే ఖాళీ చేశారు. "మీ వదినగారిని ఇక్కడికి మార్పించుకోండి మేడం, మీరు అక్కడికి వెళ్లండి" అంటున్నారు.

నేను మూకుడు పొయ్యి మీద పెట్టగానే నువ్వు "అమ్మా, మంట" అన్నావు. ఒట్టు పెట్టి ఒక్క నిమిషం నిలబెట్టుకోలేదు. ఇంజినీరమ్మ నిన్ను గాజు గోడ అవతలికి పంపింది కనక లోపల ఏమేం మాట్లాడుకున్నామో నీకు తెలియదు. బస్సు ఎక్కేలోపు చెబుదామనుకున్నాను. నీ ముఖం చూస్తే నోరు రాలేదు. ఇక్కడ రాస్తాను.

మొదటిసారి భయం భయంగా వండాను. మోగలేదు. "ఇలా కాదండీ. మీ హాస్టల్లో ఉన్నారనుకోండి. ఇప్పుడు మీకు ఫోన్ వచ్చింది" అని ఆవిడ బయటికి వెళ్లి నాకు ఫోన్ చేసింది. ఏం మాట్లాడాలో తెలియక మా నీళ్ల ట్యాంకు రిపేరు గురించి మొదలుపెట్టాను. మొదలుపెడితే నాకు ఒళ్లు తెలియదు కదా. తిరిగి చూసేసరికి నూనె పొగలు. గాభరాపడి ముక్కలు పళ్లెంతో సహా వంచేశాను. పైన మోగింది. నేను చేతులు కట్టుకుని దోషిలా నిలబడ్డాను.

ఆవిడ పరుగున లోపలికొచ్చి, "అదీ! మళ్లీ చేయండి" అంది.

నా వంట చూసి మళ్లీ చేయమన్న మనిషి ఇంతవరకు పుట్టలేదు వదినా. మళ్లీ చేశాను. మళ్లీ మోగింది. మధ్యాహ్నానికి నాకు సిగ్గు పోయింది. సాయంత్రానికి గర్వం వచ్చింది. రొట్టెలు కాల్చే పెట్టె దగ్గర నేను చేసింది చూసి మంటల మేస్త్రి, "ఈవిడ నా గదిలో ఉండాల్సిన మనిషి" అన్నాడు. చూసుకో నా గొప్ప.

తర్వాత ఇంజినీరమ్మ తెర మీద పొగ పెరిగే తీరు చెప్పే గీతలు రెండు పక్కపక్కన పెట్టి చూపించింది. ఒకటి నీ వంట. మెల్లగా లేచి, ఒక ఎత్తులో నిలిచి, మెల్లగా దిగింది. నున్నటి గుట్టలా ఉంది. రెండోది నాది. చాలాసేపు ఏమీ లేదు. ఒక్కసారి నిట్టనిలువుగా లేచింది. మేస్త్రి గదిలో మంట అంటుకున్నప్పుడు వచ్చే గీత కూడా అలాగే ఉంటుందట. అంత జోరుగా లేస్తే ముక్కుకి వాయువు తగిలేదాకా ఆగకుండా వెంటనే మోగమని ఆవిడే రాసిందట. పెద్ద మంటకి ఆగకూడదు కదా.

"వంట అంటే ఏమిటో ఈ మిషన్ మీ వదినగారి దగ్గరే నేర్చుకుంది. ఆవిడ నూనె పొగ రానివ్వరు, ముక్కలు తడి ఆరనిచ్చి వేస్తారు. ఆవిడ చేయి అంత మంచిదవడం వల్ల మేం ఒక సంగతి చూడలేదు. అలా వండేవాళ్లు తక్కువ" అంది. ఆపైన, "తప్పు ఆవిడది కాదు. ఒక్కరితోనే వండించిన మాది. మీరు చెప్పండి, నేను చెబితే బాధపడతారు" అంది.

చెప్పాను. బాధపడితే నా మీద పడు.

ఇట్లు,
నీ ఆడపడుచు


పరీక్షశాల, వంటగది
ఏప్రిల్ చివర

బొగ్గమ్మా,

రెండు రోజులు అన్నం సయించలేదు. మీ అన్నయ్య "ఏమైంది?" అంటే, "నా చేయి మంచిదట" అన్నాను. "అదా ఏడుపు!" అన్నారు. మూడో రోజు ఇంజినీరమ్మ దగ్గరికి నేనే వెళ్లాను. "నాకు మాడ్చడం నేర్పండి" అన్నాను.

నేర్పడానికి ఆవిడకేం తెలుసు? నువ్వు వండినప్పుడు ఆవిడ రాసుకున్న పద్ధతి ముందు పెట్టుకుని మొదలెట్టాం. నూనె పోసి గది బయటికి నడువు. తిరిగి రాకు. ఇంకా రాకు. ఇప్పుడు రా. తడిముక్కలు ఒక్కసారిగా వేయి. చదవడానికి తేలికే. నా చేయి మాట వినదే! గుమ్మం దాటుతుంటే నాకు తెలియకుండానే వెనక్కి చాచి మంట తగ్గించేస్తోంది. మేస్త్రి నా వెనక నిలబడి చేయి పట్టుకుని ఆపాల్సి వచ్చింది. ముక్కలు వేయబోతే ముందు బట్టతో అద్దేస్తున్నాను. ఇంజినీరమ్మ బట్ట దాచేసింది. చీరకొంగుతో అద్దాను. ఇరవై ఏళ్ల అలవాటు. వారానికి గానీ సరిగ్గా మాడ్చలేకపోయాను. మాడ్చిన రోజు గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. నేను మూకుడు చూసి కళ్లు తుడుచుకున్నాను. పొగ వల్లనని చెప్పాను.

ఇక మిషన్ సంగతి. ఇంజినీరమ్మ మార్చింది ఇది. పొగ నిట్టనిలువుగా లేస్తే వెంటనే అరవకుండా కాస్త ఆగి మళ్లీ చూస్తుంది. వంట పొగైతే ఆ భగ్గు అయ్యాక తగ్గుముఖం పడుతుంది, నీళ్లు ఎగిరిపోగానే, మూకుడు దించగానే. నిజం మంట తగ్గదు. తగ్గుతోందా లేదా, వాయువు వస్తోందా లేదా చూసి తేల్చుకుంటుంది. అలా మార్చిన మొదటి మిషన్ నా గదిలో నీ వంటకి మోగలేదు. నేను ఎగిరి గంతేశాను.

మేస్త్రి గదికి తీసుకెళ్లాం. మంట అంటించాడు. అది ఆగింది. చూసింది. ఇంకా చూసింది. మోగేసరికి గడువు దాటిపోయింది. మేస్త్రి దాన్ని ఊడదీసి నా చేతిలో పెట్టాడు. "మీ వంటింటికి మర్యాద ఇస్తూ కూర్చుంది. అవతల మనిషి పడుకునుంటే?" అన్నాడు.

నాకు మీ హాస్టల్ పిల్ల గుర్తొచ్చింది. "పనికిరాదు, తీసేయండి" అని ముందు అన్నది నేనే. ఉల్లిపాయలకి అరిచినా ఫర్వాలేదు, పరుపుకి నిద్రపోకూడదు. మళ్లీ మొదటికొచ్చాం. నీ దగ్గర దాచడం లేదు, మే నెలలోగా అవుతుందో లేదో తెలియదు.

నువ్వు మాత్రం ఏదో దాస్తున్నావు. ఫైర్ ఆఫీసరు మాట ఆ మొదటి ఉత్తరం తర్వాత ఎత్తలేదు.

నీ వదిన


హాస్టల్ ఆఫీసు గది
మే

వదినా,

దాచాను. నిన్ను తొందరపెట్టినట్టవుతుందని. ఇప్పుడు చెబుతాను.

ఫైర్ ఆఫీసరు జూన్ రెండో శనివారం వస్తానని రాశాడు. అది మార్చిలోనే వచ్చింది. దాని తర్వాత మా హాస్టల్ కమిటీ కూర్చుంది. వంటగదుల దగ్గరున్న డిటెక్టర్లు తీసేస్తే గొడవ వదిలిపోతుందని అధ్యక్షుడి అభిప్రాయం. "దూరంగా ఉన్నవి మోగితే అది నిజమని అందరికీ తెలుస్తుంది కదమ్మా" అన్నాడు. చూడ్డానికి బాగానే ఉంది. కానీ కాలిన గదికి దగ్గరున్నది ఆ వంటగది డిటెక్టరే. అది లేకపోతే దూరంది మోగేసరికి ఆ పిల్ల ఉండేది కాదు. ఆ మాటే చెప్పి, "అవి తీస్తే ఈ తాళాలు కూడా తీసుకోండి" అని గుత్తి బల్ల మీద పెట్టాను. తీసుకోలేదు. జూన్ దాకా గడువిచ్చారు. అప్పటికీ జనం కదలకపోతే నేనే ఊడదీయాలి, లేదా వెళ్లిపోవాలి.

నేనూ ఊరికే లేను. గది గదికీ వెళ్లాను. ఆ అమ్మాయిని వెంట తీసుకెళ్లాను. తనే వస్తానంది. నేను పాఠంలా రెండు దీపాలు, ముక్కు అని మొదలుపెడితే అందరూ ఆవులిస్తున్నారు. తను మాత్రం ఒక్కటే చెబుతుంది: "ఆరోజు అది నాకోసం మోగింది. మీరు రాలేదు." తిట్టినట్టు కాదు, నర్సు పేషెంటు చార్టు చదివినట్టు. రెండో అంతస్తువాళ్లు నిచ్చెన అడిగి వాళ్లే ఆ పూలటోపీ తీసేశారు. టేపు కూడా పోయింది.

కానీ నిన్న మళ్లీ ఎవరో ముక్కలు వేశారు, అత్తగారు లేచింది. నలుగురు బయటికొచ్చి, ఉల్లిపాయ వాసన చూసి, తిట్టుకుంటూ లోపలికి వెళ్లారు. వచ్చింది నలుగురే. అయినా వచ్చారు. ఇంకో పదిసార్లు ఇలా అయితే ఆ నలుగురూ రారు.

వాళ్ల వంట మార్చలేను వదినా. నీ మిషన్ మార్చు.

నీ ఆడపడుచు


పరీక్షశాల, వంటగది
మే చివరివారం

బొగ్గమ్మా,

అయింది.

ఉపాయం చెప్పింది మేస్త్రి, కట్టింది ఇంజినీరమ్మ, వండింది నేను, వంట నీది. పొగ నిట్టనిలువుగా లేచినప్పుడు పైకప్పు దగ్గర వేడి కూడా పెరుగుతుంటే ఇక ఆగే ప్రసక్తే లేదు, వెంటనే మోగుతుంది. వేడి లేకుండా పొగ మాత్రమే లేస్తే కాస్త ఆగుతుంది, అదీ ముందు ఆగినంత కాదు. ఈలోగా వాయువు తగిలినా, పొగ దిగకపోయినా మోగుతుంది. లోలోపల కాలే పరుపుకి మొదటినుంచీ ఉన్న దారి అలాగే ఉంచారు, ముట్టుకోలేదు. మేస్త్రి గదిలో చెక్క, నూలు, పరుపు, మంట, అన్నిటికీ గడువులోపే మోగింది. ఆయన దాన్ని తట్టి "మంచి పిల్ల" అన్నాడు. ఎవర్నీ, దేన్నీ ఎప్పుడూ మెచ్చుకోని మనిషి.

తర్వాత నా గది. మూకుడు పెట్టి బయటికి నడిచాను. వెనక్కి చేయి చాచలేదు. తిరిగొచ్చి నీళ్లోడుతున్న ముక్కలు ఒక్కసారిగా వేశాను. గది మసకబారింది. అందరం పైకి చూస్తూ నిలబడ్డాం. మోగలేదు. మళ్లీ మళ్లీ చేశాం. మేస్త్రి చేత చేయించాం, గుమస్తా చేత చేయించాం. మీ అన్నయ్యని కూడా పిలిపించాం. ఆయన గుడ్డు మాడ్చిన తీరు చూశాక మీ ఇంట్లో ఇది రక్తంలోనే ఉందని తేలింది. మోగలేదు.

ఇకమీదట మా దగ్గరికి వచ్చే ప్రతి మోడల్ రెండు వంటలు దాటాలి, నాది, నీది. నా గది తలుపు మీద చేయాల్సిన పరీక్షల పేర్లు పెద్ద అక్షరాలతో ఉంటాయి. నిన్న ఇంజినీరమ్మ కుర్చీ ఎక్కి చివర ఇంకో పేరు రాసింది: బొగ్గమ్మ వేపుడు. ఎవరైనా వచ్చి అదేమిటంటే నేను ఛాతీ విరుచుకుని చెబుతున్నాను, "మా ఆడపడుచు" అని. నా వంట గురించి ఇన్నేళ్లలో అంత గొప్పగా చెప్పుకోలేదు.

కొత్తవి మీ మూడంతస్తులకూ పంపుతున్నారు. మీ హాస్టల్లో వాడి చూసి మాకు రాయాలి. బిగించడానికి మనిషి వస్తాడు. పేరు నీ ఇష్టం, అత్తగారని మాత్రం పిలవకండి. మీ అమ్మకి ఎవరో చెప్పేశారు. "నేనెప్పుడు అరిచానే?" అని అరిచింది.

నీ వదిన


హాస్టల్ ఆఫీసు గది
జూన్, సోమవారం

వదినా,

డిటెక్టర్లు బిగించి వారమైంది. ఆరోజే మూడో అంతస్తు వంటగదిలో అందర్నీ నిలబెట్టి నేను వండాను. ఒక పిల్ల "మేడం, ఫోన్ చేయమంటారా?" అంది. చేసింది. నీళ్ల ట్యాంకు గురించి మాట్లాడాను. ముక్కలు భగ్గుమన్నాయి. అందరూ చెవులు మూసుకుని పైకి చూశారు. మోగలేదు. ఒకళ్లు ఈల వేశారు. ముక్కలు ఎవరూ తినలేదు, అది వేరే సంగతి.

ఈ వారంలో ఒక్కసారి కూడా ఊరికే మోగలేదు. నిన్న ఆ అమ్మాయి తన దుప్పటి, దిండు తీసుకుని నా గదిలోంచి తన గదికి వెళ్లింది. తలుపు వేసుకుని సాయంత్రం దాకా పడుకుంది.

నాకు భయం లేదని రాయను. మోగకపోవడం చూశారు. మోగితే కదులుతారో లేదో నాకింకా తెలియదు. కానీ కమిటీ అధ్యక్షుడు నిన్న వచ్చి, "ఈ పరీక్ష మీ పేరు మీద ఉందటగా?" అని అడిగితే, "నా మూకుడు మీద ఉందండీ" అన్నాను. తాళాలగుత్తి నడుముకే ఉంది.

శనివారం కార్యక్రమం ఇది. తొమ్మిదిన్నరకి ఫైర్ ఆఫీసరు వస్తాడు. పది గంటలకి ఆయన చూస్తుండగా నేను పొయ్యి మీద మూకుడు పెడతాను. అప్పుడు మోగకూడదు. ఆ తర్వాత, ఎప్పుడో ఆయన చెప్పడు, ఖాళీ గదుల్లో ఒకదాంట్లో ఇనప పళ్లెంలో పరుపు ముక్క అంటిస్తాడు. అప్పుడు మోగాలి. రాత్రి డ్యూటీ చేసినవాళ్లు నిద్రలో ఉంటారు, వాళ్లని లేపి సిద్ధంగా కూర్చోబెట్టకూడదని నేనే చెప్పాను. మూడో అంతస్తు మెట్ల దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ లెక్కపెట్టి కిందికి పంపే పని ఆ చివరి గది అమ్మాయిది. అడిగి తీసుకుంది.

అన్నయ్యని తీసుకుని శుక్రవారం సాయంత్రం బస్సుకి రా. వంట నువ్వు చేద్దువుగాని. పది గంటలకి మాత్రం పొయ్యి నాకు వదిలెయ్.

నీ బొగ్గమ్మ